సంచి మూతి తెరిచేదెవరు?

బిల్లింగ్ కౌంటర్ దగ్గర మనం పెద్దగా పట్టించుకోని క్షణం ఒకటుంటుంది. స్కానర్ కూత పెడుతుంది. కందిపప్పు ప్యాకెట్టు అవతలి వైపుకి జారుతుంది. ఇక దాన్ని సంచిలో వేయాలి. సంచేమో కట్టలో అట్టముక్కలా అణిగి పడి ఉంటుంది. కౌంటర్ కుర్రాడు వేలు తడి చేసుకుని ఒకటి లాగుతాడు, అంచులు విడదీస్తాడు, గాలిలో ఒకసారి విదిలిస్తాడు, మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగును గుద్దుతాడు. నిలబడిందా, సరే. లేదంటే ఎడమ చేత్తో సంచిని పట్టుకుని కుడి చేత్తో నింపాలి. అంటే రెండు చేతుల మనిషి ఒంటిచేతి మనిషవుతాడు.

ఈ వ్యాసం ఆ కొద్ది సెకన్ల గురించి. కొన్న సరుకుల్ని కాగితపు సంచిలో సర్దే పనిముట్లు అనగానే మోటార్లూ మరచేతులూ ఉన్న యంత్రమేదో కళ్ల ముందు మెదలొచ్చు. నూట యాభై ఏళ్ల ఆధారాలు వరసగా చూస్తే తేలేది వేరు. ఈ పనిని తేలిక చేసిన మార్పుల్లో ఎక్కువ భాగం కౌంటర్ మీది యంత్రాల్లో కనబడవు. కొన్ని సంచి మడతల్లోనే దాగి ఉన్నాయి, కొన్ని కౌంటర్ చివర చెక్కను ఎంత కిందికి దించారన్న దాంట్లో ఉన్నాయి. ఈ మాటను ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడ ఆగాలో పరిశీలించడం నా ఉద్దేశం. ఉదాహరణలు ఎక్కువగా అమెరికావి. కౌంటర్ దగ్గర కాగితపు సంచి ఒక వ్యవస్థగా వేళ్లూనుకున్నది అక్కడే.

పొట్లం, ఇటుక

మన కిరాణా కొట్లలో ఈ చిక్కు ఇంకో రకంగా తీరేది. షావుకారు పాత పేపరు ముక్క తీసుకుని ఎడమ చేతిలో గరాటులా చుట్టేవాడు, కుడి చేత్తో తక్కెడ పళ్లెంలోంచి పప్పు పోసేవాడు, పై అంచులు లోపలికి మడిచి, దూలానికి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు చుట్టి తెంపేవాడు. పొట్లానికి మూతి తెరిచే పని ఉండదు. అది పుట్టడమే నోరు తెరుచుకుని పుడుతుంది. దానికున్న లోపం ఒక్కటే, తనంతట తాను నిలబడదు. తర్వాత ఇళ్లలో మైదా జిగురుతో అంటించి వందల లెక్కన కొట్లకు వేసిన పేపరు కవర్లు వచ్చాయి. చుట్టే పని తప్పింది, ఊది తెరిచే పని వచ్చిపడింది. ఒక చేతికి పని తగ్గితే ఇంకో చేతికి పెరిగింది.

ఈ లెక్కను శాస్త్రంగా కట్టినవాళ్లు ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో వాళ్లు చేతి పనులన్నిటినీ చిన్న చిన్న చలనాలుగా విడదీసి చూశారు. వెతకడం, అందుకోవడం, పట్టుకోవడం, కదపడం, వదలడం ఇలా. ఆ జాబితాలో ‘పట్టుకుని ఉండడం’ అనే చలనాన్ని పని ముందుకు సాగనివ్వని వాటితో చేర్చారు. చెయ్యి పట్టుకారుగా మారిందంటే అక్కడ పట్టుకారే పెట్టాలన్నది వాళ్ల వాదం. ఫ్రాంక్ స్వయంగా తాపీ పని చేసినవాడు. ఇటుక పేర్చడంలో 18 చలనాలుంటే వాటిని 5 దాకా దించాడని అప్పటి రచనలు చెబుతాయి. అందులో పెద్ద వాటా ఇటుకలు నడుమెత్తులో అందేలా పైకీ కిందికీ జరిపే పరంజాది. మేస్త్రీ వంగడం మానేశాడు, అంతే. ఈ పరంజా మాట గుర్తుంచుకోండి, కౌంటర్ దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

మడతలోనే మర

కాగితపు సంచుల్ని తయారు చేసే యంత్రానికి 1852లో పేటెంటు పొందినవాడు పెన్సిల్వేనియాలోని బెత్లెహేముకు చెందిన ఫ్రాన్సిస్ వోల్. ఆ సంచి అడుగు ఉత్తరం కవరు అడుగులాంటిది. వస్తువు వేస్తే కోసుగా జారుతుంది, నిలబెడితే ఒరిగిపోతుంది. 1860ల చివర్లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డులో ఒక సంచుల ఫ్యాక్టరీలో పని చేస్తున్న మార్గరెట్ నైట్ చదునైన అడుగు మడిచి అంటించే యంత్రానికి చెక్క నమూనా తయారు చేసింది. ఇనుప నమూనా చేయిస్తున్న వర్క్‌షాపులో దాన్ని చూసిన చార్లెస్ అనాన్ అనే అతను తన పేరున పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఆమె తగాదా వేసి, తన గీతలూ నమూనాలూ సాక్షులూ చూపించి నెగ్గింది. 1871లో పేటెంటు ఆమెకే వచ్చింది.

ఇక్కడ ఒక సవరణ అవసరం. ‘ఇవాళ్టి కిరాణా సంచిని కనిపెట్టింది మార్గరెట్ నైట్’ అని చాలాచోట్ల రాస్తారు. సగం నిజం. ఆమె యంత్రం సంచికి నిలబడే అడుగునిచ్చింది. బల్లపరుపుగా అణిగి ఉండి, ఒక్క విదిలింపుతో చతురస్రంగా తెరుచుకునే గుణం మాత్రం పక్క మడతల వల్ల వచ్చింది. అలాంటి సంచిని తయారు చేసే యంత్రానికి 1883లో చార్లెస్ స్టిల్‌వెల్‌కు పేటెంటు దక్కింది. తనంతట తెరుచుకునే సంచి అన్న అర్థంలో దానికి మూడక్షరాల పేరు స్థిరపడింది, ఎస్.ఓ.ఎస్. సంచి అని ఇప్పటికీ ఆ వ్యాపారంలో అంటారు. రెండు పక్కలా లోపలికి నొక్కిన మడతలు, ఒక ముఖం మీదికి వాలిన అడుగు. పైఅంచు పట్టి విదిలిస్తే గాలి లోపలికి దూసుకుపోయి పక్కల్ని బయటికి తోస్తుంది, వాలిన అడుగు తన గాట్ల వెంట దిగి నేలకు ఆనుతుంది. స్ప్రింగు లేదు, కీలు లేదు. దుకాణంలో ఉండాల్సిన పనిముట్టు ఫ్యాక్టరీలోనే తయారై, సంచిలో మడతగా పడుకుని వచ్చింది.

ఈ గుణానికి మార్కెట్టు ఎంత విలువ కట్టిందో చెప్పడానికి ఒక కోర్టు తగాదా చాలు. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కాంటినెంటల్ పేపర్ బ్యాగ్, ఈస్టర్న్ పేపర్ బ్యాగ్ కంపెనీల వివాదం తనంతట తెరుచుకునే సంచుల యంత్రం మీదే. పేటెంటు చేతిలో ఉన్న కంపెనీ ఆ యంత్రాన్ని వాడకుండా పక్కన పెట్టింది. వాడకపోయినా ఎదుటివాళ్లు కాపీ కొట్టకుండా ఆపే హక్కు దానికి ఉంటుందని కోర్టు తీర్పిచ్చింది. పేటెంటు చట్టం చదివే విద్యార్థులు ఈ తీర్పును ఇప్పటికీ చదువుతారు. వాళ్లలో ఎంతమంది తగాదా మూలంలో పచారీ సంచి మూతి ఉందని గమనిస్తారో మరి.

కౌంటర్ చివరి గుంట

సంచి తెరుచుకోవడం నేర్చినా, దాని అవసరం ఒక్కసారిగా పెరిగింది దుకాణం తీరు మారినప్పుడు. 1916లో క్లారెన్స్ సాండర్స్ టెన్నెసీలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ తెరిచాడు. అంతకుముందు అక్కడా మనలాగే, గుమాస్తా ఒక్కో వస్తువు తీసి, చుట్టి, దారం కట్టి ఇచ్చేవాడు. సాండర్స్ కొట్లో కొనేవాళ్లే అరల మధ్య తిరిగి బుట్టలో వేసుకుని, చివర ఒకే చోట డబ్బు కట్టాలి. 1930లో న్యూయార్క్ క్వీన్స్‌లో మైకేల్ కల్లెన్ పెట్టిన కింగ్ కల్లెన్ దాన్ని గోదాము స్థాయికి తీసుకెళ్లింది. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి ప్రవేశపెట్టాడు. బుట్ట మోసే చేతికి అలుపు అనే హద్దు ఉండేది, ఆ హద్దూ పోయింది. సీసాలు, గుడ్లు, పిండి, సబ్బు, పుచ్చకాయ, అన్నీ ఒకేసారి ఒకే మనిషి ముందు కుప్పగా పడసాగాయి. పొట్లాల కాలంలో లేని సమస్య ఇది. చుట్టడం పోయి సర్దడం వచ్చింది.

ఆ కుప్పకు తగ్గట్టే సంచి కొలత స్థిరపడింది. అమెరికా కిరాణా సంచి 12 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల లోతు, 17 అంగుళాల ఎత్తు. వ్యాపారంలో దాని పేరు ఆరోవంతు పీపా. సెంటీమీటర్లలో సుమారు 30, 18, 43. ఘనపరిమాణం లెక్క వేస్తే 23 లీటర్ల పైచిలుకు. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం. నారను సోడా, గంధకం రసాయనాలతో ఉడికించి తీసే ఈ పద్ధతిని 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ రూపొందించాడు. పేరుకు తగ్గట్టే గట్టిది, జర్మన్‌లో క్రాఫ్ట్ అంటే బలం.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఈ విషయం మీద రాసిన వాళ్లు తరచూ సంచి బలం దగ్గర ఆగిపోతారు, నాకు మాత్రం ఎత్తే అసలు విషయంగా కనిపిస్తుంది. కౌంటర్ 90 సెంటీమీటర్ల ఎత్తుందనుకుందాం. 43 సెంటీమీటర్ల సంచిని దాని మీద నిలబెడితే మూతి 133 సెంటీమీటర్ల దగ్గరికి పోతుంది. 155 సెంటీమీటర్ల పొడవున్న మనిషి భుజం దాదాపు 125 నుంచి 130 మధ్య ఉంటుంది. అంటే నూనె సీసా వేసిన ప్రతిసారీ చెయ్యి భుజం దాటి లేచి, మళ్లీ లోపలికి వంగి దిగాలి. మణికట్టు మడత పడుతుంది. జారవిడిస్తే గుడ్లు పోతాయి. అదే సంచిని కౌంటర్ కన్నా 40 సెంటీమీటర్లు కిందికి దించిన అరలో నిలబెడితే మూతి దాదాపు కౌంటరుతో సమంగా వస్తుంది. వస్తువును ఎత్తనవసరం లేదు, పక్కకు జరిపి దించితే చాలు. కౌంటర్ చివర ఉండే ఆ గుంటకు మూడు వైపులా గోడ ఉంటే సంచి ఒరగదు కూడా. గిల్‌బ్రెత్ పరంజా ఇక్కడ తలకిందులైంది. అక్కడ ఇటుకను పైకి తెచ్చారు, ఇక్కడ సంచిని కిందికి దించారు.

ఇది ఊహాలెక్కే అనుకోకుండా ఉండడానికి ఒక అధికార పత్రం ఉంది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా 2004లో కిరాణా దుకాణాల్లో కండరాల, కీళ్ల నొప్పుల నివారణకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సర్దే చోట ఎత్తు మార్చుకోగల సంచి స్టాండ్లు పెట్టమనీ, పట్టుకోవడానికి చెవులున్న సంచులు వాడమనీ, మరీ నిండా నింపొద్దనీ అందులో సలహాలున్నాయి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అవి సలహాలే, కట్టుబాట్లు కావు. అందులో చెప్పిన మార్పుల్లో ఏది ఎంత నొప్పి తగ్గించిందో విడివిడిగా తూకం వేసి చూపే పత్రం కాదది. సర్దేవాళ్ల భుజాలకు ఎత్తుతో పేచీ ఉందని గుర్తించింది, అంతవరకు బలమైన ఆధారం.

సర్దడం ఒక విద్య

స్టాండు సంచిని పట్టుకుంటుంది సరే, ఏది ముందు వేయాలో ఎవరు చెబుతారు? అమెరికా దుకాణాల్లో బ్యాగర్ అనే ఉద్యోగం దీనికోసమే పుట్టింది. అక్కడి స్వతంత్ర కిరాణా దుకాణదారుల సంఘం 1987 నుంచి ఉత్తమ బ్యాగర్ పోటీలు పెడుతోంది. వేగంతో పాటు సంచి కట్టిన తీరుకూ, సంచుల మధ్య బరువు పంపకానికీ, మనిషి వాలకానికీ మార్కులు వేస్తారు. ‘సంచి కట్టడం’ అనే మాట ఊరికే రాలేదు. అట్టపెట్టెలు నాలుగు గోడల్లా నిలబెట్టి, మధ్యలో డబ్బాలు పునాదిగా దించి, పైన రొట్టె, గుడ్లు పెట్టడం వాళ్ల పద్ధతి. ప్లాస్టిక్ సంచిలో ఈ విద్యకు చోటు లేదు, అందులో గోడ నిలవదు.

ఈ విద్య ఎంత మెలికలున్నదో కంప్యూటర్ శాస్త్రవేత్తలు ముందే పసిగట్టారు. ఎంఐటీ ఆచార్యుడు ప్యాట్రిక్ విన్‌స్టన్ తన కృత్రిమ మేధ పాఠ్యపుస్తకంలో నియమాలతో నడిచే వ్యవస్థల్ని వివరించడానికి ‘బ్యాగర్’ అనే చిన్న కార్యక్రమాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. కొన్న జాబితా సరిచూడు, పెద్ద వస్తువులు వెయ్యి, తర్వాత మధ్యరకం, చివర చిన్నవి. సీసా ముందు వెయ్యి. గడ్డకట్టినవైతే చలి ఆగే కవరులో చుట్టు. చిప్స్ ఉండి పెప్సీ లేకపోతే పెప్సీ కావాలా అని అడుగు. అప్పట్లో కంప్యూటర్ల విడిభాగాల కూర్పు నిర్ణయించే ఒక పెద్ద పారిశ్రామిక వ్యవస్థను విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడానికి ఎంచుకున్న బొమ్మ అది. సంచి సర్దడం, కంప్యూటర్ కూర్చడం ఒకే కుటుంబానికి చెందిన సమస్యలన్న మాట అందులో ఉంది.

గణితం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వస్తువులన్నీ ముందే కనబడితే, పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరసగా పెట్టి, పట్టిన మొదటి సంచిలో వేసుకుంటూ పోతే చాలు. అలా చేస్తే కావలసిన కనీస సంచుల కన్నా స్థూలంగా 22 శాతానికి మించి ఎక్కువ పట్టవని 1973లో డేవిడ్ జాన్సన్ నిరూపించాడు. రాబోయేదేమిటో తెలియకుండా వచ్చింది వచ్చినట్టు వేయాల్సి వస్తే ఏ పద్ధతీ 54 శాతం కన్నా మెరుగైన హామీ ఇవ్వలేదు. ఇవి అన్నిటికన్నా చెడ్డ సందర్భానికి వేసిన లెక్కలు, పైగా వస్తువుకు ఒకే కొలత ఉందనుకుని వేసినవి. రొట్టె నలగడం, సీసా పగలడం వాటిలో లేవు. కాబట్టి శాతాల్ని కౌంటర్ మీదికి నేరుగా దించకూడదు. దిశ మాత్రం పనికొస్తుంది. స్కానర్‌కీ సంచికీ మధ్య సరుకులు కాసేపు ఆగే రెండడుగుల బల్ల కూడా ఒక పనిముట్టే. సర్దేవాడికి ముందుచూపునిచ్చేది అది. స్థలం కలిసొస్తుందని దాన్ని కోసేసిన దుకాణాలు ఏం పోగొట్టుకున్నాయో బిల్లులో కనిపించదు.

తీగ స్టాండు గెలిచిన కథ

1965లో స్వీడన్‌కు చెందిన స్టెన్ గుస్టాఫ్ తూలిన్ రూపొందించిన, చెవులున్న ప్లాస్టిక్ సంచికి సెల్లోప్లాస్ట్ కంపెనీ పేరున అమెరికా పేటెంటు వచ్చింది. 1982లో సేఫ్‌వే, క్రోగర్ లాంటి పెద్ద దుకాణాలు దాన్ని తీసుకున్నాయి. ‘కాగితమా, ప్లాస్టికా?’ అన్న ప్రశ్న అమెరికా కౌంటర్ల దగ్గర ఊతపదమైంది. అక్కడికి వెళ్లిన మన తెలుగువాళ్లు చాలామందికి కొత్త దేశంలో తొలిరోజుల్లో ఎదురైన ప్రశ్నల్లో అదీ ఒకటి.

ప్లాస్టిక్ ఎందుకు గెలిచిందంటే చవక అంటారు, తేలిక అంటారు. రెండూ నిజమే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కకు తీసుకున్న పలుచని ప్లాస్టిక్ సంచి 8 గ్రాములు, కాగితపు సంచి 55 గ్రాములు. గోదాములో స్థలం, లారీలో బరువు, అన్నీ దానికే కలిసొచ్చాయి. కానీ కౌంటర్ దగ్గరి గెలుపుకు ఇంకో కారణం ఉందని నా అభిప్రాయం. ప్లాస్టిక్ సంచి తనతో పాటు ఒక తీగ స్టాండు తెచ్చుకుంది. చెవుల దగ్గర రంధ్రాలున్న వంద సంచుల కట్టను రెండు కడ్డీలకు తగిలిస్తారు. నింపిన సంచిని ముందుకు లాగితే, చిన్న అతుకు వల్ల వెనకది మూతి తెరుచుకుని దాని స్థానంలోకి వస్తుంది. విదిలింపు లేదు, వేలి తడి లేదు, పట్టుకునే పని అసలే లేదు. నిలబడలేని సంచికి స్టాండే ఎముకల గూడయింది. స్టిల్‌వెల్ కాగితంలో మడతగా పెట్టినదాన్ని ప్లాస్టిక్ సంచులవాళ్లు తీగలో పెట్టారు. పైగా వాళ్లు ఒక్క సంచికి కాదు, వరసగా వచ్చే సంచులన్నిటికీ కలిపి పరిష్కారం చూశారు. కాగితపు సంచి ఎప్పుడూ ఒంటరిదే. ఒకటి తెరిచినందువల్ల రెండోది తెరుచుకోదు.

ఈ వాదనకు ఎదురుమాట కూడా ఉంది. ధరలో అంత తేడా ఉన్నప్పుడు స్టాండు లేకపోయినా ప్లాస్టిక్ గెలిచేదేమో. ఆ రెండు కారణాలూ ఒకేసారి దుకాణంలోకి వచ్చాయి కాబట్టి చరిత్ర వాటిని విడదీసి చూపదు.

కాగితం తిరిగొచ్చాక

2007లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించిన తొలి అమెరికా నగరమైంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2014లో చట్టం చేసింది, 2016 నవంబరులో ఓటర్లు దాన్ని నిలబెట్టారు. మందపాటి ప్లాస్టిక్ సంచుల్ని మళ్లీ వాడదగ్గవంటూ అమ్మే వెసులుబాటు అందులో మిగిలిపోయింది. 2024లో చేసిన మరో చట్టం 2026 జనవరి 1 నుంచి దాన్నీ మూసేసింది. న్యూజెర్సీ దారి వేరు. అక్కడ 2022 మే నుంచి పెద్ద కిరాణా దుకాణాల్లో కాగితపు సంచులు కూడా ఇవ్వకూడదు.

ఈ మార్పుల వల్ల కౌంటర్ దగ్గర ఏమైందో కొలిచినవాళ్లు అరుదు. ఆర్థికవేత్త రెబెకా టేలర్ సూపర్‌మార్కెట్ స్కానర్ సమయాల ఆధారంగా చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. సంచుల నియంత్రణ తర్వాత ఒక్కో బిల్లుకు పట్టే సమయం సగటున 3 శాతం పెరిగిందనీ, అలవాటు పడ్డాక తగ్గుతుందనుకున్నది తగ్గలేదనీ ఆమె తేల్చింది. రద్దీ వేళల్లో ఆ చిన్న ఆలస్యం వరసలో ఒకరి మీదొకరికి పేరుకుంటుంది. నా వాదనకు ఇది ఆధారంగా కనిపిస్తుంది కానీ అలా లాక్కోవడం తప్పవుతుంది. నియంత్రణతో పాటు సంచికి డబ్బు కట్టాలా వద్దా అనే సంభాషణ వచ్చింది, ఇంటి నుంచి తెచ్చిన రకరకాల సంచులు వచ్చాయి, సంచి లేకుండా చేతుల్లో పట్టుకుపోయేవాళ్లూ పెరిగారు. 3 శాతంలో కాగితపు సంచి మూతి వాటా ఎంతో ఆ అంకె విప్పి చెప్పదు. చెప్పేదల్లా ఒకటి. సంచి మారితే కౌంటర్ నెమ్మదిస్తుంది, కాలం దాన్ని దానంతటదే సరిచేయదు.

సెల్ఫ్ చెకౌట్ యంత్రాలు ఈ చిక్కును కొనేవాళ్ల మీదికి నెట్టాయి. స్కాన్ చేసిన వస్తువు పక్కనున్న తూకం మీద పడిందా లేదా అని బరువుతో పోల్చి చూడడం వాటి పద్ధతి. అందుకే తెరిచిన సంచిని ముందే తూకం మీద నిలబెట్టాలి. ఇంటి సంచి పెడితే దాని బరువు చూసి యంత్రం ఎవరో ఏదో పెట్టేశారని గగ్గోలు పెడుతుంది. ప్లాస్టిక్ కోసం అమర్చిన తీగ స్టాండు పక్కన 43 సెంటీమీటర్ల కాగితపు సంచి నిలబెట్టి, దాని మూతిలోకి భుజం ఎత్తు నుంచి వస్తువు దించే వృద్ధురాలిని ఊహించుకోండి.

మరమనుషుల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఇప్పటివరకు ఉన్న ఆధారం అంతే. 2016 డిసెంబరులో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో ఒక లాసన్ దుకాణంలో పానసోనిక్ ఒక యంత్రాన్ని పరీక్షించింది. ప్రత్యేకమైన బుట్టను యంత్రంలో పెడితే బిల్లు వేసి, బుట్ట అడుగు తెరుచుకుని సరుకులు కింద సిద్ధంగా ఉన్న ప్లాస్టిక్ సంచిలోకి దిగుతాయి. గమనించండి, అది సర్దలేదు, కొనేవాళ్లు బుట్టలో పెట్టిన తీరునే దించింది. 2024లో ఎంఐటీ పరిశోధకులు మెత్తని వేళ్లున్న రోబో చేత సరుకులు సర్దించి చూశారు. స్పర్శ, చూపు రెండూ కలిపి వాడితే, ఏ ఇంద్రియమూ లేని సర్దుడుతో పోలిస్తే వస్తువుల్ని పాడుచేసే కదలికలు దాదాపు 9 రెట్లు తగ్గాయట. ద్రాక్ష మీద డబ్బా పెట్టకూడదని దానికి తెలిసింది. మంచిదే. కానీ అది నింపినది తెరిచి పెట్టిన పాత్రని. కట్టలోంచి ఒక్క కాగితపు సంచిని విడదీసి, విదిలించి, నిలబెట్టే పని ఎప్పటిలాగే మనిషికి మిగిలింది.

చిక్కును తీర్చకుండా తప్పించినవాళ్లూ ఉన్నారు. జర్మనీకి చెందిన ఆల్డీ కౌంటర్లలో సరుకులు నేరుగా బండిలోకి పడతాయి. గోడవారన ఉన్న బల్ల దగ్గరికి వెళ్లి ఎవరి సంచి వాళ్లు నింపుకోవాలి. జపాన్ సూపర్‌మార్కెట్లలోనూ బిల్లు కట్టాక వేరే బల్ల మీద సర్దుకుంటారు. ఆ బల్లకు అక్కడ ‘సక్కా దాయ్’ అని పేరు, సంచి అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలోంచి పుట్టింది. సర్దే సమయం పోలేదు, కానీ అది వరసను ఆపదు. ఖర్చు లెక్కలో చూస్తే ఇంతకన్నా చవకైన పరికరం కనబడదు.

మన కౌంటర్లు

మన దగ్గర 2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు చేతిసంచుల కనీస మందాన్ని ఆ ఏడు సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచాయి. పలుచని కవరు చట్టం నుంచి జారిపోయింది, కూరల బజారులో మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. బట్టల కొట్లూ, మందుల షాపులూ, బేకరీలూ కాగితానికి మారాయి. సంచికి విడిగా డబ్బు అడగడం మీద తగాదాలు వినియోగదారుల కమిషన్ల దాకా వెళ్లాయి. ముందుగా చెప్పకుండా చివర్లో కౌంటర్ దగ్గర సంచికి డబ్బు వేయడం అనుచిత వ్యాపార పద్ధతని జాతీయ కమిషన్ 2020 డిసెంబరులో బిగ్ బజార్ కేసులో తేల్చింది. సంచి ఎవరు కొనాలన్న మీద ఇంత చర్చ జరిగింది. ఎవరు తెరవాలన్న మీద జరగలేదు.

నేను చూసినంతలో మన సూపర్‌మార్కెట్ కౌంటర్లు చాలావరకు చదునైన బల్లలే, చివర దించిన గుంట ఉండదు. కుర్రాడు సంచిని బల్ల మీదే నిలబెడతాడు, లేదా పొట్టకు ఆనించుకుని నింపుతాడు. కింద బరువు సరిగా పడక సంచి ఒరుగుతుంది, మూల చిరుగుతుంది, రెండో సంచి తొడుగుతాడు. ఇక్కడే పర్యావరణ లెక్క తారుమారవుతుంది. ఇందాక చెప్పిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్‌తో భూతాపం విషయంలో సమానం కావాలంటే కాగితపు సంచిని కనీసం 3 సార్లు వాడాలి. బ్రిటన్ పరిస్థితులకు వేసిన లెక్క అది, మన కాగితం మిల్లులకూ మన కరెంటుకూ అంకె మారుతుంది. అయినా సంచికి సంచి తొడిగితే కాగితం రెట్టింపవుతుందన్నది ఏ దేశంలోనైనా ఒకటే. బల్ల ఎత్తు తప్పు కావడం వల్ల చిరిగిన సంచి, కాగితం నాణ్యత ఖాతాలో పడిపోతోంది.

దీన్ని తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒకే దుకాణంలో పక్కపక్కన రెండు కౌంటర్లు తీసుకోవాలి. ఒకదాని చివర వడ్రంగి చేత నలభై సెంటీమీటర్లు కిందికి ఒక అర దింపించి, సంచి మూతి తెరిచి పట్టే తీగ చట్రం ఒకటి బిగించాలి. రెండోదాన్ని ఉన్నట్టే ఉంచాలి. నెల పాటు మూడు లెక్కలు రాయాలి: బిల్లుకి పట్టిన సమయం, తొడిగిన రెండో సంచులు, సాయంత్రం ఎనిమిదింటికి కుర్రాళ్లు చెప్పిన భుజం నొప్పి. రెండు వారాల తర్వాత కుర్రాళ్లను అటూ ఇటూ మార్చాలి, లేకపోతే చురుకైన చెయ్యి ఏదో, మంచి బల్ల ఏదో కలిసిపోతాయి. పండగ వారం లెక్కలు విడిగా ఉంచాలి. తేడా కనబడకపోతే ఈ వ్యాసంలో ఎత్తు గురించి రాసిన భాగం కొట్టేయాలి.